దివిమొనయు దీపస్తంభమును
(రేపల్లెయందు జరిగిన మన సంఘ వార్షికమహాసభలో చదువబడిన యుపన్యాసము)



ఆహ్వానసంఘమువారు మన తీరచరిత్రమును గూర్చి యుపన్యసింపుమని మమ్ము కోరిరి. కులసభలలో చరిత్రమనగా ఏదో యొక పురాణముతో నారంభించి యేదో యొక రాజవంశముతో ముగించుట వాడుకయై యున్నది. అట్టి యుపన్యాసమునకు వలయు సామగ్రి మాయొద్ద లేదు. నిజము చెప్పవలెనన్న, దానియందు మా కభిరుచియు లేదు. మేము నేడు విన్నవింపదలచినది ఒక యిసుకమొనను గూర్చియు, అట్టి మొనలయందు వెలిగింపబడు దీపములను గూర్చియు మాత్రమే.

ఈ విషయమునే యేల యెన్నుకొంటిమో మీలో కొందరెరుగుదురు. నిరుడు కార్తికమాసమున మా యన్నగారి కుమారుని మరపడవ కృష్ణమొగలో నిసుకతిప్పకు దగిలి పగిలినది. ఆరుగురు మనుష్యులును ప్రాణములతో బయటపడిరి. పడవ పోయినది, వలలు పోయినవి, అప్పు మాత్రము మిగిలినది. ఆ రాత్రి దీపస్తంభము వెలుగుచునే యుండెను. పడవలో దారిచూపు యంత్రము, అనగా జీపీయస్సు, పనిచేయుచునే యుండెను. గాలియు పెద్దగా లేదు. ఐనను పడవ తిప్ప నెక్కినది. ఇది యెట్లు సంభవించెనని వెదకుచు మేము చదివిన సంగతులును, పెద్దలవలన వినిన సంగతులును నేటి యుపన్యాసమున కాధారములు.

మొదట ఆ చోటును గూర్చి. తెనాలి సోదరులలో పలువురకు సముద్రము బజారునకు వచ్చు చేపలవలన మాత్రమే పరిచితమగుటచే, కొంచెము వివరించి చెప్పుట యవసరము. కృష్ణానది పులిగడ్డయొద్ద రెండుగా చీలును. ఆ చీలికల నడుమనున్న నేలయే దివిసీమ. దివి యనగా దీవియే. దీపములమాట యెత్తితిమి గనుక దివ్వెకును దీనికిని సంబంధము కల్పింపవచ్చునని యొక మిత్రుడు మాకు సలహా యిచ్చెను గాని, అట్టి సంబంధ మేమియు లేదు. పడమటి పెద్దపాయ క్రిందికి పోయి మరల నడిమేరు, గొల్లముత్తపాయ మొదలగు శాఖలై సముద్రమున గలియును. ఇట్లు నది తెచ్చిన యొండ్రును ఇసుకయు సముద్రములోనికి ముందునకు బొడిచికొనిపోయి రెండు మొన లేర్పడినవి. ఈశాన్యముగా నున్నది దివిమొన. దానికి నైరుతిగా, మన నిజాంపట్నపు అఖాతమునకు తూర్పుహద్దుగా నున్నది రెండవది. ఈ రెండవదానికి ఆంగ్లేయుల సముద్రపటములలో నున్న పేరును తెలిగించినచో "బూటకపు దివి" యగును.

ఈ పేరు మనము కొంచెము నిలిచి యాలోచింపదగినది. చెన్నపట్టణమునుండి బందరునకు బోవు ఓడ తీరము వెంబడి వచ్చి, దివిమొనను చుట్టి, పిదప నుత్తరమునకు తిరుగవలెను. తీరమంతయు చదును, కొండ లేదు, గుట్ట లేదు, దూరమునుండి చూచువానికి మడచెట్ల నల్లనిగీర యొక్కటియే కానవచ్చును. ముందు వచ్చిన మొననే దివిమొన యని భ్రమించి తిరిగిన ఓడ యిసుకమెరకలమీదికి పోవును. ఒరిస్సాతీరమునను ఇట్లే ఒక మొన వేరొక మొనగా పొరబడబడుచుండుటచే దానికి "బూటకపు మొన" యను పేరే స్థిరపడినది. అచ్చట 1838లో దీపస్తంభమును కట్టిరి. నేల యేమో నిజమైనదే. దానిపై పుట్టి, దానిపై చచ్చిన మనవారు దాని నెన్నడును వేరొకదానిగా పొరబడలేదు. పొరబడినవారు దూరమునుండి వచ్చినవారు. ఆ పొరపాటును నేలకు పేరుగా పెట్టినవారును వారే.

ఈ తీరమునకు ఓడలు వచ్చుట క్రొత్త సంగతి కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ యను యవన భూగోళవేత్త మైసోలియా యను పేర నీ ప్రాంతమును వర్ణించి, సువర్ణభూమికి బోవు నావలు తీరమును విడిచి నడిసముద్రమున బడు తావు నీ చేరువనే చూపెను. రేపల్లెకు దాపుననున్న భట్టిప్రోలు స్తూపమునుండి 1892లో అలెగ్జాండరు రే దొర వెలికిదీసిన రాతిభరిణెలమీది యక్షరములు క్రీస్తునకు పూర్వపువి. వీనిని బట్టి మన కులమువారు నాడే ఓడలు నడపిరని చెప్పుటకు మేము సాహసింపము. ఎవరో నడపిరి, అంతవరకే నిజము.

ఐనను ఒక శాసనమును మాత్రము విడువజాలము. చీరాలకు సమీపమున మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవ మహారాజు క్రీ.శ. 1244లో వేయించిన యభయశాసనము గలదు. అంతకుముందు గాలివానకు కొట్టుకొనివచ్చి తీరమున బడిన ఓడలలోని సరకును రాజులు స్వాధీనపరచుకొనుచుండిరి. ప్రాణములకంటె ధనమే మిక్కుటమని నమ్మి సముద్రము దాటు వర్తకుల యెడల దయదలచి, నిర్ణయింపబడిన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచితిమని గణపతిదేవుడు ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. ఇది జరిగిన సుమారు యేబదియేండ్లకు మార్కోపోలో యను వెనీసు దేశపు వర్తకుడు మోటుపల్లిరాజ్యమును గూర్చి వ్రాసెను. దీపస్తంభములు లేని కాలమున రాజు చేయగల యుపకార మిదియే. ఓడ పగులకుండ చేయలేడు. పగిలినవాని సొత్తును దోచుకొనకుండ చేయగలడు. మా యన్నగారి కుమారుని అప్పుపత్రమును చేతబట్టుకొని యీ శాసనమును చదివినప్పుడు మాకు గలిగిన తలపులను ఇచ్చట వ్రాయుట యనవసరము.

తరువాతి కథ నిజాంపట్నమునది. దాని పూర్వనామము పెద్దపల్లి. పాశ్చాత్యుల నోట నది "పెటపోలి" యైనది. 1606లో డచ్చివారు అచ్చట వర్తకస్థానము నేర్పరచిరి. 1611 ఆగస్టులో "గ్లోబు" అను ఇంగ్లీషు కంపెనీ యోడ వచ్చి మొదట పెటపోలిని, పిదప మచిలీపట్నమును చేరెను. ఆ యోడలోని ముఖ్యవర్తకుడు పీటరు ఫ్లోరిసు జాతిచేత డచ్చివాడు, కొలువుచేత ఇంగ్లీషువాడు. అతడు వ్రాసిన దినచర్య 1934లో అచ్చుపడినది. ఇచ్చటినుండి బట్టలు కొని పటానీ, సయాము దేశములకు పోయి యమ్ముట వారి వ్యాపారము. ఈ ప్రాంతపు చిరివేరు రంగుకు, ఆ యెరుపు చెడని బట్టలకు, తూర్పుదీవులలో గిరాకి మెండు.

ఓడ లోతునీటిలో లంగరు వేసికొని నిలుచును. ఒడ్డునకును ఓడకును నడుమ కెరటములును మెరకలును గలవు. సరకును, మనుష్యులను, కడకు త్రాగునీటిని సైతము తెప్పలమీదను కుట్టుపడవలమీదను చేర్చవలెను. ఇది తీరవాసుల పని. వర్తకుల దినచర్యలలో సరకుల వెలలు వ్రాయబడును, అధికారుల కిచ్చిన కానుకలు వ్రాయబడును. పడవ నడపినవాని పేరు వ్రాయుట వాడుక కాదు. కనుక మన పూర్వుల పేర్లేవియు మీకు చదివి వినిపింపజాలము. వినిపింపుమని నిరుడు కొందరు కోరియుండిరి. వారు క్షమింతురు గాక.

1687లో ఇంగ్లీషువారు నిజాంపట్నపు వర్తకస్థానమును మూసివేసిరి. 1759లో ఫోర్డు దొర బందరుకోటను ఫ్రెంచివారినుండి పట్టుకొనిన పిదప, సలాబతుజంగు నిజాంపట్నపు సర్కారును కంపెనీవారి కిచ్చివేసెను. అప్పటినుండి రెవెన్యూ లెక్కలలో దప్ప ఆ రేవుమాట అంతగా వినబడదు.

ఇక దీపముల సంగతి. చెన్నపట్టణమున మొదటి దీపము 1796లో కోటలోని యొక మేడపైన కొబ్బరినూనెతో వెలిగింపబడినది. 1844లో ప్రత్యేకస్తంభమునకు మారినది. విజయనగరపు తీరమున సంతపల్లియొద్ద నీటిలోని రాళ్లను గూర్చి హెచ్చరించుటకు 1847లో నొకటి లేచినది. విశాఖపట్టణపు డాల్ఫిన్సునోసు కొండమీది దీపము 1957 నాటిది. ఆ కొండ యుత్తమమైన మొన. రాయి గనుక కదలదు, ఎత్తు గనుక దీపమునకు స్తంభము పెద్దగా నక్కరలేదు. మన మొనలకు రెండు భాగ్యములును లేవు. ఇప్పుడు మన యఖాతమునకు పడమట ఓడరేవునందొక దీపస్తంభము, తూర్పున నాగాయలంకకు దక్షిణముగా కృష్ణాసాగరసంగమ సమీపమున నొక దీపస్తంభము గలవు. మనవారు వానిని లైటుహౌసు లనియే యందురు. మేమును ఇంటిలో నట్లే యందుము.

దీపస్తంభ మెవరికొరకు? ఈ ప్రశ్న వింతగా దోచవచ్చును గాని, 1927వ సంవత్సరపు భారత దీపస్తంభముల చట్టమే దీపములను రెండు తెగలుగా విభజించినది: దారిని బోవు ఓడల కెల్ల నుపయోగించునవి సాధారణదీపములు, ఒక్కొక్క రేవునకే యుపయోగించునవి స్థానికదీపములు. మొదటివాని వ్యయమునకై రేవులకు వచ్చు ఓడలనుండి దీపసుంకము వసూలు చేయుదురు. ఆ చట్టమునకు బదులుగా 2021లో క్రొత్తచట్టము వచ్చినది. సుంకమిచ్చువానికై దీపము పెట్టుట న్యాయమే; దానిని మేము తప్పుపట్టము. ఐనను దాని ఫలము నెరిగియుండవలెను. భూమి గుండ్రనిదగుటచే దీప మెంత యెత్తుననున్న నంత దూరము, చూచువాని కన్ను లెంత యెత్తుననున్న మరి యంత దూరము కానవచ్చును. సముద్రమట్టమునకు 30 మీటర్ల యెత్తున నొక దీపమున్నదనుకొందము. 16 మీటర్ల యెత్తున ఓడ పైయంతస్తులో నిలిచిన కప్తానునకు అది సుమారు 36 కిలోమీటర్ల దూరమునుండి కనబడును. నీటికి 2 మీటర్ల యెత్తున కన్నులుగల మన సరంగునకు 26 కిలోమీటర్ల వరకే కనబడును. దీపమొక్కటియే, దాని వెలుగు పెద్దయోడకు ముందుగా చేరును.

అంతకంటె ముఖ్యమైనది వేరొకటి గలదు. ప్రతి దీపమునకును మినుకులలో నొక లెక్క యుండును. ఆ లెక్కను బట్టి యిది ఫలానా దీపమని నావికుడు గుర్తించును. దీపము "నేనిచ్చట నున్నాను" అని చెప్పును. "త్రోవ యిచ్చట నున్నది" అని చెప్పదు. నడిసముద్రమున బోవు ఓడకు మొదటిమాటయే చాలును. ఆ మొనకు దూరముగా బోవుటయే దాని పని. మనకు కావలసినది రెండవమాట. మొగలోనికి రావలసినవారము మనము.

ఆ మొగ నిలుకడగా నుండదు. వరద వచ్చినప్పుడొక తీరు, వరద తీసినప్పుడొక తీరు. ఈశాన్యపు గాలి కొక దిక్కున, నైరుతి గాలి కింకొక దిక్కున నిసుక నడచును. కోరంగి మడయడవిలో పాత దీపస్తంభమొకటి గలదు. ఒకప్పుడు సముద్రపు టెదుట నిలిచిన ఆ స్తంభము నేడు చెట్లనడుమ నున్నది. స్తంభము కదలలేదు, సముద్రమే తప్పుకొన్నది. మనయొద్ద గొన్నిచోట్ల దీనికి వ్యతిరేకముగా జరుగుచున్నది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. 1957లో ప్రకాశము బరాజు, 1967లో నాగార్జునసాగరమునకు నీరు, పిదప శ్రీశైలము. మన మాగాణులకు నీరు వచ్చినది, తెనాలి బియ్యపుమరలకు ధాన్యము వచ్చినది, కాదనువాడు కృతఘ్నుడు. కాని నదితో వచ్చు ఒండ్రు జలాశయములలో నిలిచిపోయినది. శాస్త్రజ్ఞుల లెక్కలనుబట్టి 1966–69 నడుమ కృష్ణ యేటేట డెల్టాకు తెచ్చిన యొండ్రు సుమారు 90 లక్షల టన్నులు. 2000–2005 నాటికి 4 లక్షల టన్నులవరకు పడిపోయినది. మేత లేని మొన చిక్కిపోవును. అలలు ఒకచోట కోసి యింకొకచోట తిప్పలు వేయును.

ఇక 1977 నవంబరు 19. ఈ సభలో నెరసిన తలగల ప్రతివారికిని ఆ దినము జ్ఞాపకమున్నది; దానిని వర్ణించుట మా కిష్టము లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది పోయిరని గ్రంథములలో చదివియుంటిమి, చదివినది చూచితిమి. నిజాంపట్నపు చేరువ తీరమెక్కిన తుపానుచే దివిసీమలో సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు నూళ్లు తుడిచిపెట్టుకొనిపోయినవి. ప్రభుత్వపు లెక్కయే పదివేలమంది.

నీరు తీసిన నాలుగవనాడు మా పినతండ్రిగారు మా మేనత్తగారిని వెదకుటకై పడవమీద సొర్లగొంది వైపునకు బయలుదేరిరి. ఆయన పుట్టినది మొదలు రాకపోకలు చేసిన మొగ యది. ఐనను ఆయనకు మొగ కనబడలేదు. ఏ తాళ్లను గుర్తుపెట్టుకొని లోనికి వచ్చుచుండిరో యా తాళ్లు లేవు. ఏ గుడిసెను కుడిచేతి వైపున విడుచుచుండిరో యా గుడిసె లేదు. పడవ నాపి, గడతో అడుగు తడవి, గడకొన కంటిన మన్ను చూచిరట. సముద్రపు మెరకలో గరుకైన యిసుక తగులును. పాతకాలువ యడుగున నల్లని మెత్తని యొండ్రు తగులును. ఆ నల్లనొండ్రు వెంబడి గడ గడకు తడవుకొనుచు లోపలికి పోయిరి. మా మేనత్తగారి ఇంట నెవ్వరును మిగులలేదు. త్రోవ మాత్రము దొరకినది.

1990 మే 9న కృష్ణమొగల చేరువనే మరల పెద్దతుపాను తీరమెక్కినది; ఈసారి మరణములు వేయింటికి లోపే. ముందుగా తెలిసినది, లక్షలకొలది జనమును తరలించిరి. రాడారులను, ఉపగ్రహములను, ఆకాశవాణిని మేము తక్కువచేయుట లేదని ఈమాట చెప్పుచున్నాము. మా పినతండ్రిగారు సైతము తుపానుల విషయమున మేఘముకంటె సెల్ఫోనునే యెక్కువగా నమ్ముదురు.

ఇప్పుడు నిరుటి సంగతికి వత్తము. మా యన్నగారి కుమారుడు బుద్ధిమంతుడు, తాగుడు లేనివాడు, యంత్రము నెరిగినవాడు. రెండేండ్ల క్రింద తాను క్షేమముగా వచ్చిన దారిని యంత్రమున భద్రపరచుకొని, ఆ గీతమీదనే పడవ నడపెను. యంత్రము అబద్ధమాడలేదు, రెండేండ్లనాడు త్రోవ యచ్చటనే యుండెను. ఆ యేటి వరదలలో కాలువ తూర్పునకు జరిగినది. బయలుదేరునాడు మా పినతండ్రిగారు అరుగుమీదనుండి, "అబ్బాయీ, మొగ నిరుటిచోట లేదురా, చూచుకొని రండి" అని కేకవేసిరట. కుర్రవాడు వినెను. "సరే తాతయ్యా" అనియు ననెను. ఎట్లు చూచుకొనవలెనో ఆయన చెప్పలేదు, ఇతడడుగలేదు. ఈ తప్పులో ఇద్దరికిని పాలు గలదు. మా పాలు మాకును గలదు. ఆయన యొద్ద ఏబదియేండ్లుగా కథలు వినుచు, ఒక్కటియైన కాగితమున నెక్కింపనివారము మేమే గదా.

మొగలో తేలుగుర్తులు వేయింపుమని మన సంఘము పంపిన విన్నపములకు ఒక కార్యాలయమునుండి వేరొక కార్యాలయమునకు వ్రాసితిమని జవాబు వచ్చినది. విన్నపములు మానుమని మేము చెప్పము. తేలుగుర్తు వచ్చువరకు చేయదగినది యొకటి గలదని మాత్రము చెప్పుదుము.

ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవలకు వేట నిషేధము. ఆ దినములలో సరంగులు ఇంటిపట్టుననే యుందురు. పెద్దల నడిగి వ్రాసికొనుట కది తగిన యదను. వరదలు తీసిన పిమ్మట, ఆశ్వయుజమాసపు చివర నొకమారు, పోటుమీద నొకసారియు పాటుమీద నొకసారియు, ప్రతి మొగను గడతో తడవి, లోతు బారలలోను మీటర్లలోను వ్రాసి, అడుగున తగిలిన మన్ను ఇసుకయో యొండ్రో వ్రాసి, యంత్రమునుండి స్థానపు టంకెలను ప్రక్కన చేర్చవలెను. పెద్దవాని గడయు కుర్రవాని యంత్రమును ఒకే పడవలో నుండవలెను. మరుసటియేడు పాత గీతను చెరిపి క్రొత్త గీతను పంచవలెను. దీనికి రెండుదినముల డీజిలు ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు. ఈ సంవత్సరపు డీజిలునకు మన మహారాజపోషకులలో నొకరు వాగ్దానము చేసియున్నారు. పేరు వేయవలదని కోరుటచే వేయలేదు.

మేము మొదలుపెట్టిన పుస్తకము కార్యదర్శిగారి బల్లమీద నున్నది. అందు మా పినతండ్రిగారు చెప్పిన గుర్తులు పదునేడు వ్రాసితిమి. వానిలో పదునొకండు గుర్తులు, తాళ్లు కూలుటచేతను ఒడ్డు కోసికొనిపోవుటచేతను, ఇప్పుడు లేవు. ఐనను ఎచ్చట నుండెనో వ్రాసియుంచితిమి. తొమ్మిదవదానికి ఆయన చెప్పిన పేరును, లంకెవానిదిబ్బనుండి వచ్చిన పెద్దలు నిన్నరాత్రి చెప్పిన పేరును సరిపడలేదు. భోజనానంతరము వారిద్దరును పందిరికి తూర్పువైపున కూర్చుందురు. ఆ మొగనెరిగినవారు మరెవరైన నున్నచో దయచేసి అచ్చటికి రావలెను.